రాత్రంతా తిరిగే ముసలి కుక్క

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా కుక్కకి 14 ఏళ్లు. అర్ధరాత్రి లేచి ఇల్లంతా తిరుగుతోంది, మూలకి వెళ్లి గోడ చూస్తూ నిలబడిపోతోంది, ఇంట్లోనే పాడుచేస్తోంది. మా అత్తగారు గాలి సోకిందంటున్నారు. ఇది వయసా, జబ్బా?

– ఒక పాఠకురాలు

జవాబు: గాలీ లేదు, ధూళీ లేదమ్మా. మనుషులకి అల్జీమర్స్ వచ్చినట్టే కుక్కలకీ మతిమరుపు జబ్బు వస్తుంది, మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకోవడం దాంట్లోనూ కనిపిస్తుంది. మీరు రాసినవన్నీ ఆ లక్షణాలే. కానీ కీళ్లనొప్పి, చూపు తగ్గడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కిడ్నీ జబ్బు ఉన్నా ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు పశువుల డాక్టరు గారికి చూపించి రక్తం, మూత్రం పరీక్ష చేయించండి.

ఇది పూర్తిగా నయం కాదు. సెలిజిలిన్ అనే మందు కొన్ని కుక్కలకి పనిచేస్తుంది, అయితే డాక్టరు రాస్తేనే, అదీ ఇప్పటికే వాడుతున్న మందులన్నీ ఆయనకి చెప్పాకే. ఇంట్లో పెద్దవాళ్ల నిద్రమాత్ర విరిచి పెట్టడం మాత్రం వద్దు! కొబ్బరినూనె మంచిదని కోనసీమ చుట్టాలెవరో చెప్పే ఉంటారు, గిన్నెడు పోస్తే విరేచనాలే మిగులుతాయి.

పగలు కాస్త నడిపించండి, రాత్రి చిన్న లైటు వేసి ఉంచండి, మంచం, బల్ల జరపకండి. పాడుచేసిందని కొట్టకండి, దానికి తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం, చీకటి పడ్డాక గేటు వేసేయండి, మన వైపు ఇంటి ముందే కాలవ, పెరట్లో చెరువు.