టెక్ సందేహాలు: గుంటూరులో 100, మ్యూనిక్‌లో 50

సెలవులకు వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లినట్టున్నారు. ఈ వారం ఉత్తరాల్లో ఎక్కువ భాగం 'అక్కడి నెట్, ఇక్కడి నెట్' గురించే ఉన్నాయి. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. నెలకు 40 యూరోలకు పైగా కట్టి 50 ఎంబీపీఎస్ వేగంతో నెట్ వాడుతోంది. గుంటూరులో మేం అందులో నాలుగో వంతు కూడా కట్టకుండా 100 వాడుతున్నాం. జర్మనీ అంతటి దేశంలో ఇలా ఎందుకుంది?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, గుంటూరు

అమ్మా, మీ అమ్మాయి ఇంట్లోకి వచ్చేది బహుశా పాత టెలిఫోను రాగి తీగే. అక్కడ వీధి చివర ఒక బూడిదరంగు పెట్టె ఉంటుంది. ఫైబర్, అంటే వెలుతురుతో సంకేతాలు మోసే గాజు పోగు, అక్కడి దాకా వస్తుంది, ఆపైన ఇంటి వరకు రాగి. ఆ పెట్టెకు ఇల్లు ఎంత దూరమైతే వేగం అంత పడిపోతుంది. మీ ఇంటికి మాత్రం గాజు పోగే నేరుగా వచ్చింది.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1981లో హెల్ముట్ ష్మిట్ ప్రభుత్వం పశ్చిమ జర్మనీ అంతటా ఫైబర్ వేయాలని ఆలోచించింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం మారింది. హెల్ముట్ కోల్ హయాంలో డబ్బు, శ్రమ కేబుల్ టీవీ కోసం రాగి వైర్లు వేయడానికి మళ్లాయి. తర్వాత ఇంటర్నెట్ వచ్చినప్పుడు చేతిలో ఇంటింటికీ మంచి రాగి తీగ ఉంది. దాన్నే పిండి పిండి వాడుకున్నారు. బాగా పనిచేస్తున్నదాన్ని పీకి కొత్తది వేయడానికి ఏ కంపెనీకి మనసొప్పుతుంది?

మనకు ఆ బరువు లేదు. ల్యాండ్‌లైన్ ఊరూరా పాకకముందే సెల్‌ఫోన్ వచ్చేసింది. ఇంటికి వైరు వేయాల్సిన రోజు వచ్చేసరికి ఫైబర్ చవకైంది. పైగా వాళ్లు రోడ్డు తవ్వి, అనుమతులు తీసుకుని, భూమిలో గొట్టం వేసి లాగుతారు. మనం కరెంటు స్తంభాల మీదుగా లాగేస్తాం. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ కూడా అలా స్తంభాలెక్కి ఊళ్లకు చేరిందే. 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను ఇస్తామని అప్పట్లో చెప్పగలిగారంటే ఆ స్తంభాలే కారణం.

కానీ స్తంభం మీది తీగకు గాలివాన వస్తే దిక్కులేదు. కొమ్మలు కొట్టేవాళ్లు వస్తే దిక్కులేదు, ఎత్తయిన లోడుతో లారీ వస్తే దిక్కులేదు. మా వీధిలోనే కిందటేడు కొమ్మలు కొడుతూ తీగ తెంపేశారు. ఇంట్లో నెట్ పెట్టె మీద ఎర్ర లైటు నాలుగు రోజులు వెలుగుతూనే ఉంది. మీ అమ్మాయిని అడగండి, ఈ ఏడాది ఎన్ని రోజులు నెట్ పోయిందని. ఆ అంకె కూడా పక్కన పెట్టుకుని చూస్తేనే పోలిక సరిగ్గా ఉంటుంది.

డాలస్‌లో ఉంటాం. 500 ఎంబీపీఎస్ ప్లాన్. బాబు అన్నప్రాశన విజయవాడలో అమ్మానాన్నలకు వీడియో కాల్‌లో చూపిస్తుంటే సరిగ్గా ముద్ద పెట్టే సమయానికి వాళ్లకు బొమ్మ ఆగిపోయింది. తప్పు వాళ్ల నెట్‌దా? వాళ్లేమో సినిమాలు చక్కగా చూస్తున్నామంటున్నారు.

వాళ్ల తప్పు కాదండీ, మీ ఇంటి నుంచి బయటికెళ్లే దారి ఇరుకు. అమెరికాలో చాలా ఇళ్లకు నెట్ వచ్చేది కేబుల్ టీవీ కోసం వేసిన వైరు మీద. టీవీ అంటే ఇంట్లోకి రావడమే తప్ప బయటికి పంపేదేముంటుంది? అందుకే ఆ వైరులో పైకి పంపే సంకేతాలకు 5 నుంచి 42 మెగాహెర్ట్‌జ్ వరకు చిన్న పట్టీ వదిలారు. దాన్నే వీధిలో వాళ్లంతా పంచుకోవాలి. డౌన్‌లోడ్ 500 ఉన్నా అప్‌లోడ్ 10, 20 దగ్గర ఆగిపోయేది అందుకే.

వీడియో కాల్‌కు నిజానికి మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. కానీ ఆ సమయంలో ఏం జరిగి ఉంటుందో ఊహించండి. వచ్చిన చుట్టాలంతా మీ వైఫైలో ఉన్నారు. తీసిన ప్రతి ఫొటో, వీడియో వాళ్ల ఫోన్లు క్లౌడ్‌కు పంపేస్తున్నాయి. గుమ్మం కెమెరా సరేసరి. మీ కాల్ ఆ వరసలో చిక్కుకుంది. ఈసారి వేడుకకు ముందు ఫొటోల బ్యాకప్ ఆపించండి. చుట్టాలకు గెస్ట్ వైఫై ఇచ్చి, రూటర్‌లో దాని వేగానికి హద్దు పెట్టండి. మీ వీధికి ఫైబర్ వచ్చి ఉంటే మారిపోవడమే మేలు.

అమెరికా అంతా ఇంతే అనుకోకండి. టెనెసీలోని చట్టనూగాలో ఊరి విద్యుత్ సంస్థ ఈపీబీ తన ఫైబర్ మీద 2010లోనే అటూ ఇటూ 1 జీబీపీఎస్ (వెయ్యి ఎంబీపీఎస్) ఇచ్చింది. ఇక అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2024లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 20 ఉండాలని తేల్చింది. మన దగ్గర 2023లో 512 కేబీపీఎస్ (సుమారు అర ఎంబీపీఎస్) నుంచి పెంచిన హద్దు 2 ఎంబీపీఎస్. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. మన ఇళ్లలో ఫైబర్ ఉంది కానీ కాగితం మీద ఆశ మాత్రం చిన్నది.

300 ప్లాన్ తీసుకున్నా. కంప్యూటర్‌కు వైరు పెట్టి చూసినా 94 దాటడం లేదు.

ఎక్కడో ఒకచోట 100 ఎంబీపీఎస్ పోర్టు ఉంది, లేదా వైరులో నాలుగు పోగులే పనిచేస్తున్నాయి. ముందు వైరు మార్చండి, ఆనక రూటర్.

హైదరాబాద్‌లో ఇంటి నుంచి పని. స్పీడ్ టెస్ట్‌లో పింగ్ (సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) 3 మిల్లీసెకన్లు. న్యూజెర్సీలోని ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్తే మాత్రం అక్షరం కొట్టాక కాసేపటికి కనిపిస్తోంది. ప్లాన్ పెంచుకోమంటారా?

వద్దు, డబ్బు దండగ. స్పీడ్ టెస్ట్ ఊళ్లోనే ఉన్న సర్వర్ దాకా వెళ్లి వచ్చింది. గాజు పోగులో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. న్యూజెర్సీ దాదాపు 13 వేల కిలోమీటర్లు. గీత గీసినట్టు తిన్నగా వెళ్లినా పోయి రావడానికి 130 మిల్లీసెకన్లు కావాలి. తీగలేమో ముంబయిలోనో చెన్నైలోనో సముద్రంలో దిగి చుట్టూ తిరిగి వెళ్తాయి. కాబట్టి 200 దాటడం మామూలే. 2024 ఆరంభంలో ఎర్ర సముద్రంలో కొన్ని తీగలు తెగినప్పుడు ఆ దారిన వెళ్లేదంతా వేరే దారులకు మళ్లించాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో ఇంకా పెరగొచ్చు. ముంబయి లేదా సింగపూర్ సర్వర్‌లో డెస్క్‌టాప్ ఇవ్వగలరేమో మీ ఆఫీసునే అడగండి.

ఇంతకీ ఎవరి ఇంటి నెట్ బాగున్నట్టు?
— ముగ్గురు పాఠకులు, దాదాపు ఇవే మాటల్లో

రాత్రి తొమ్మిదింటికి ఎలా ఉందో చెప్పండి, అప్పుడు చెప్తాను. జపాన్‌నే తీసుకోండి. 2001 నుంచే అక్కడి టెలిఫోన్ కంపెనీ ఎన్‌టీటీ ఇళ్లకు ఫైబర్ అమ్ముతోంది. అయినా రాత్రిపూట నెట్ నెమ్మదించిందని అక్కడా గొడవే. తీగలో లోపం లేదు. పీపీపీఓఈ అనే పాత పద్ధతిలో లాగిన్ అయ్యేవాళ్లంతా కలిసే కూడలి దగ్గర రద్దీ. ఐపీఓఈ అనే కొత్త పద్ధతికి మారినవాళ్లకు అదే తీగ మీద హాయిగా వస్తోంది.

ఆస్ట్రేలియా తీగల విషయంలో పొరపాటు చేసింది. 2009లో 90 శాతం ఇళ్లకు ఫైబర్ అన్నారు. 2013లో ప్రభుత్వం మారాక పాత రాగి, కేబుల్ కలిపేశారు. ఇప్పుడు ఆ రాగి స్థానంలో మళ్లీ ఫైబర్ వేస్తున్నారు. కానీ వాళ్ల దగ్గర నాకు బాగా నచ్చింది ఒకటుంది. సాయంత్రం 7 నుంచి రాత్రి 11 దాకా మామూలుగా వచ్చే వేగం ఎంతో ప్రకటనల్లో చెప్పాలని అక్కడి వినియోగదారుల సంస్థ ఏసీసీసీ పట్టుబట్టింది. జర్మనీలో ప్రభుత్వ యాప్‌తో మూడు రోజుల్లో 30 సార్లు కొలిచి, ఒప్పందం కంటే బాగా తక్కువ వస్తోందని తేలితే బిల్లు తగ్గించుకునే హక్కు 2021 డిసెంబరు నుంచి ఉంది. బ్రిటన్‌లో 2019 నుంచి, రెండు పనిదినాలు దాటినా లైను బాగుచేయకపోతే పరిహార పథకంలో చేరిన కంపెనీలు రోజుకు 8 పౌండ్ల చొప్పున అడగకుండానే జమ చేయడం మొదలుపెట్టాయి.

తీగ, ధర చూస్తే మనం చాలామంది కంటే ముందున్నాం. జవాబుదారీతనంలో వెనకబడ్డాం. అలాగని మనకు ఏమీ లేదనుకోకండి. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ లోపం మూడు రోజులు దాటినా సరిచేయకపోతే పరిహారం ఇవ్వాలి. చాలామందికి ఈ సంగతి తెలియక అడగరు. కొత్త కనెక్షన్ తీసుకునే ముందు మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉన్న పొరుగువాళ్లను రాత్రిపూట నెట్ ఎలా ఉంటుందో అడగండి. ఫ్లాట్‌లోకి ఫైబరే వస్తుందా, మేడ మీది స్విచ్ (ఒక లైనును చాలా ఫ్లాట్లకు పంచే పెట్టె) నుంచి మామూలు ల్యాన్ వైరు దింపుతారా అన్నది కూడా కనుక్కోండి. స్విచ్ అయితే, మీ రూటర్‌కు ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే పైన ఆ స్విచ్ ఆగిపోతుంది.

ఎర్ర లైటు వెలిగిన రోజు లైన్‌మన్‌కు ఫోన్ చేసి ఊరుకోవద్దు. కంపెనీ నంబరుకు చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, తేదీతో సహా రాసుకోండి. మూడు రోజులు దాటితే ఆ నంబరు చూపించి పరిహారం అడగండి. కాదంటే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, అక్కడికి పంపండి.