దిగుడులో ట్యూబు పేలుతోంది, ఎందుకు?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు రోడ్ సైకిల్ తొక్కుతుంటాను. ముందు 34, వెనక 28 పళ్ల గేరుతో ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయి. దిగేటప్పుడు ట్యూబు పేలుతోంది. ఏం చేయాలండీ?

జవాబు: మొదట బ్రేకుల సంగతి, ప్రాణం మీదికొచ్చేది అదే. రిమ్ బ్రేకులు (చక్రపు అంచును, అంటే రిమ్‌ను, రబ్బరుతో పట్టి ఆపేవి) దిగినంతసేపూ నొక్కి ఉంచితే రిమ్ బాగా వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి ట్యూబు పేలుతుంది. మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి, వేగం తగ్గగానే వదిలేయండి. ఆ సందులో రిమ్ చల్లారుతుంది. బ్రేకు రబ్బరు టైరును ఒరుస్తోందేమో, రిమ్ టేపు (ట్యూబుకు పుల్లల కొనలు తగలకుండా రిమ్ లోపల వేసే పట్టీ) జరిగిందేమో కూడా చూడండి. 28 మి.మీ. టైరుకు, 70 కిలోల మనిషికి 75 పీఎస్ఐ గాలి ఒత్తిడి చాలు.

ఇక మోకాళ్ల నొప్పికి, ఎక్కేటప్పుడు తొక్కడం తేలికయ్యేలా వెనక పెద్ద చక్రానికి 34 పళ్లుండే క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) వేయించండి. దానికి తగిన పొడుగు కేజ్ డీరెయిలరు (చైనును ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి మార్చేది; దాని కింద వేలాడే భాగం కేజ్), పొడుగు చైను తప్పనిసరి. పాత చైనే ఉంచితే పెద్ద పళ్ల చక్రాల మీద బిగుసుకుని హ్యాంగర్ (డీరెయిలరును ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) విరగొచ్చు.