పాత కేసు ఉంటే కానిస్టేబుల్ ఉద్యోగం రాదా?

ప్రశ్న: మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. మా అబ్బాయికి 21 ఏళ్లు, ఇంటర్ పాసై కానిస్టేబుల్‌కి కోచింగ్ తీసుకుంటున్నాడు. 2023లో అమ్మవారి సంబరం రోజు కుర్రాళ్ల కొట్లాటలో వీడి పేరూ కేసులో రాశారు. మరుసటి ఏడు లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. "ఫారంలో కేసు సంగతి రాయకండి, స్టేషన్‌లో నేను మాట్లాడతాను" అని తెలిసినాయన ఒకరు అంటున్నారు. రాయాలా, వద్దా? ఇంకో భయం కూడా ఉంది. లాకప్‌లో ఎవరో చనిపోయారని, కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారని పేపర్లో చూస్తుంటాను. పైవాళ్లు చెప్పింది చేసి మావాడు బలైపోతాడేమో. (ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: రాయాలమ్మా. రాజీ అయిన చిన్న కొట్లాట కేసు ఉన్నా ఉద్యోగం వచ్చే దారి ఉంది. దాన్ని దాచిపెడితే మాత్రం ఆ దారి మీ చేతులతో మీరే మూసేసినట్టు.

ఎంపికయ్యాక అభ్యర్థి చేత అటెస్టేషన్ ఫారం నింపిస్తారు. ఎప్పుడైనా అరెస్టయ్యావా, నీ మీద కేసు నడిచిందా, బైండోవర్ చేశారా (గొడవలు చేయనని బాండు రాయించుకోవడం), జరిమానా పడిందా, శిక్ష పడిందా, ఇప్పుడు ఏదైనా పెండింగ్‌లో ఉందా అని అందులో విడివిడిగా అడుగుతారు. "కేసు కొట్టేశారు కదా" అనుకుని "లేదు" అని రాసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఇప్పుడు కేసు ఉందా అన్నది ఒక ప్రశ్న, ఎప్పుడైనా నడిచిందా అన్నది వేరే ప్రశ్న. ఫారం వెళ్లాక స్పెషల్ బ్రాంచ్ వాళ్లు స్టేషన్ రికార్డు చూస్తారు, ఊళ్లోకి వచ్చి వాకబు చేస్తారు. ఎఫ్ఐఆర్‌లన్నీ సీసీటీఎన్ఎస్ అనే పోలీసు స్టేషన్ల కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి ఎక్కి ఉంటాయి, కోర్టు కేసు ఈ-కోర్ట్స్ సైట్‌లో పేరు కొడితే వస్తుంది. ఆ తెలిసినాయన స్టేషన్‌లో ఎవరితో మాట్లాడినా ఈ రెండు చోట్లా ఏమీ చెరపలేడు. డబ్బు మాత్రం పుచ్చుకుంటాడు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ 2016లో అవతార్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. అభ్యర్థి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చిన్న వయసులో నినాదాలు చేసిన కేసో, అలాంటి అల్పమైనదో దాస్తే శాఖ తన విచక్షణతో క్షమించవచ్చు. తీవ్రమైన నేరం దాస్తే తీసేయవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు, నడవడిక చూసి శాఖ నిర్ణయించుకుంటుంది. అంతకుముందు 2013లో మెహర్ సింగ్ కేసులో, రాజీ మీద వచ్చిన విడుదలను పోలీసు ఉద్యోగం దగ్గర కాస్త అనుమానంగానే చూడవచ్చని ఇదే కోర్టు అంది. కాబట్టి "రాసేస్తే గ్యారంటీ" అని నేను అనను. రాస్తే వాదించుకోవడానికి ఒక దారి మిగులుతుంది. దాస్తే అసలు కొట్లాట పక్కకుపోయి, అబద్ధం చెప్పాడన్నదే అసలు తప్పవుతుంది.

సోంపేటలో 2010లో, కాకరాపల్లిలో 2011లో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దంటూ జరిగిన ఉద్యమాలప్పుడు కేసుల్లో పేర్లున్న కుటుంబాలవాళ్లూ ఇది గమనించాలి. ధర్నా కేసు వేరు, కత్తిపోట్ల కేసు వేరు. శాఖ ఆ తేడా చూడాలంటే ముందు కేసు కాగితం మీద కనబడాలి.

మీరు ఇప్పుడే చేయాల్సింది కాగితాలు తెచ్చుకోవడం. కేసు నడిచిన కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు) మూడింటికీ సర్టిఫైడ్ కాపీలు తీయండి. తర్వాత ఛార్జిషీటులో సెక్షన్లు చదవండి. ఐపీసీ 323 (కొట్టడం), 341 (అడ్డగించడం), 506 (బెదిరింపు) మాత్రమే ఉంటే అవి రాజీకి వీలున్నవి. చట్టం దృష్టిలో ఆ రాజీ నిర్దోషిగా విడుదలైనట్టే. 324 ఉంటే, అంటే కర్రో కత్తో వాడినట్టు రాసి ఉంటే, అది రాజీకి వీల్లేని సెక్షన్. లోక్ అదాలత్‌లో మిగతావి తేలి ఈ ఒక్కటీ నడుస్తూ ఉండవచ్చు, ఇంట్లోవాళ్లు మాత్రం అంతా అయిపోయిందనుకుంటారు. అలా ఉంటే వకీలును పెట్టి హైకోర్టులో కొట్టివేత పిటిషన్ వేయడమో, విచారణ ముగించుకోవడమో ముందే చూసుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక పరిగెడితే కుదరదు.

బైండోవర్ ఒకటి చాలామందికి గుర్తుండదు. కొట్లాటల తర్వాత రెండు వర్గాలవాళ్లనూ తహసీల్దార్ ముందుకు తీసుకెళ్లి, ఇకపై గొడవ చేయబోమని బాండు రాయించుకుంటారు. అప్పట్లో అది సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 107వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 126. జైలు లేదు, కోర్టు లేదు కాబట్టి అది లెక్కలోకి రాదనుకుంటారు. ఫారంలో దానికి ప్రత్యేకంగా గడి ఉంటుంది. మీవాడు సంతకం పెట్టాడేమో అడగండి. పెట్టి ఉంటే తేదీతో సహా రాయాలి.

గడిలో "అవును" అని రాసి, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం, స్టేషన్, సెక్షన్లు, కోర్టు, సీసీ నంబరు (కోర్టు ఇచ్చిన కేసు నంబరు), రాజీ తేదీ వేయాలి. "చిన్న గొడవ, మావాడి తప్పు లేదు" లాంటి వివరణలు అక్కడ వద్దు. ఇంటిపేరు, తండ్రి పేరు ఎఫ్ఐఆర్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా ఉంటే ఆ తేడా కూడా రాయండి, లేదంటే వేరే మనిషి అనుకునే గందరగోళం వస్తుంది. నింపిన ఫారం జిరాక్స్ ఇంట్లో దాచండి. ఫారం ఇచ్చాక, చేరేలోపు కొత్తగా ఏ కేసు పడినా రాతపూర్వకంగా తెలపాలి. ఇది చదివే వేరే తల్లిదండ్రులకు ఒక మాట: ఘటన రోజుకు పిల్లాడికి 18 నిండకపోతే బాలల న్యాయ చట్టం 2015లోని 24వ సెక్షన్ రక్షణ ఉంది. ఫారం నింపే ముందు వకీలును అడగండి.

ఇక మీ భయం సంగతి. నియామకంలో ఇంత జల్లెడ పట్టేది ఎందుకంటే, లాఠీ, తాళాలు, తుపాకీ చేతికిచ్చే ఉద్యోగం ఇది. మీవాడు సంబరంలో చెయ్యి చేసుకున్నది నిజమే అయితే, అది ఏ కోపంతో జరిగిందో ఇంట్లో మీరు ఒకసారి అడగాలి. కోపం ఆపుకోలేని కుర్రాడికి నేనైతే ఈ ఉద్యోగం చెప్పను.

"పైవాళ్లు చెప్పారు" అన్నది రక్షణ కాదు. చట్టవిరుద్ధమైన ఆర్డరు పాటించినవాడు కూడా ముద్దాయే. నేరం ఒప్పించడానికి కొడితే ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ 120 కింద ఏడేళ్ల వరకు, తీవ్ర గాయమైతే పదేళ్ల వరకు శిక్ష ఉంది. పైగా పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు, దాని ఆధారంగా దొరికిన వస్తువు మేరకే పనికొస్తుంది. అంటే ఆ దెబ్బలకు కేసులో కూడా విలువ లేదు.

కింది స్థాయివాళ్లు ఇరుక్కునేది ఎక్కువగా ఒకే తీరులో. రాత్రి ఒకరిని "మాట్లాడటానికి" తెచ్చి, కేసు కట్టకుండా, జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ పుస్తకంలో) ఎక్కించకుండా కూర్చోబెడతారు. తెల్లారేసరికి ఏదైనా జరిగితే మొదట అడిగేది సెంట్రీ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌నీ, స్టేషన్ రైటర్‌నీ. అందుకే సెంట్రీ డ్యూటీ తీసుకునేటప్పుడే లోపల ఎంతమంది ఉన్నారు, ఎవరు ఎన్నింటికి తెచ్చారు, ఒంటి మీద గాయాలున్నాయా అన్నవి పుస్తకంలో రాసుకోవాలి. అరెస్టయితే కుటుంబసభ్యుడో ఊరి పెద్దో సంతకం చేసిన మెమో ఉండాలి, బంధువులకు కబురు వెళ్లాలి, డాక్టరు పరీక్ష జరగాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. 1996 నాటి డీకే బసు తీర్పులో ఉన్నవి ఇప్పుడు చాలావరకు బీఎన్ఎస్ఎస్‌లోకి ఎక్కాయి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి ఫుటేజీ 18 నెలలు ఉంచాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. దాన్ని పోలీసుల మీద నిఘా అనుకుంటారుగానీ, కొట్టని కానిస్టేబుల్‌కు అదే సాక్షి.

సస్పెన్షన్ అంటే ఉద్యోగం పోయినట్టు కాదు. విచారణ తేలేదాకా పక్కన పెట్టడం, ఆ కాలంలో దాదాపు సగం జీతం జీవనభృతిగా వస్తుంది. 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ దానంతటదే అమలవుతుంది. తర్వాత ఛార్జ్ మెమో, విచారణ అధికారి, సాక్షులు, వివరణ. శిక్ష మందలింపు నుంచి ఇంక్రిమెంట్ కోత, ఉద్యోగం నుంచి తొలగింపు, డిస్మిస్ దాకా ఉంటుంది. డిస్మిస్ అయితే మామూలుగా మళ్లీ ప్రభుత్వ ఉద్యోగం రాదు. ఈ విచారణ రక్షణలు కన్ఫర్మ్ అయినవారికి ఉన్నంత గట్టిగా ట్రైనింగ్‌లో ఉన్నవారికి ఉండవు. విజయనగరం పీటీసీలో (పోలీసు ట్రైనింగ్ కాలేజీలో) ఉన్న కుర్రాడు ఊరికొచ్చి మళ్లీ కొట్లాటలో దొరికితే చాలా సులువుగా ఇంటికి పంపేస్తారు.

ఒక్క నోటిఫికేషన్ మీదే జీవితం పెట్టవద్దు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన వచ్చింది. ప్రిలిమ్స్ 2023 జనవరిలో, ఈవెంట్స్ (దేహదారుఢ్య పరీక్షలు) 2024 డిసెంబరు ఆఖర్లో మొదలై, ఫైనల్ రాత పరీక్ష 2025 జూన్‌లో, ఫలితాలు ఆగస్టులో. ఆ మధ్యకాలంలో డిగ్రీ పూర్తిచేసినవాడికి ఎస్సై పరీక్షకు కూడా అర్హత వచ్చేది. మీవాడిని డిగ్రీలో చేర్పించండి. రోజూ 1600 మీటర్ల పరుగు ఆపవద్దు. గత ప్రకటనలో మగపిల్లలకు దానికి ఎనిమిది నిమిషాలే ఇచ్చారు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉన్నాడో లేదో ఇప్పుడే గోడకు నిలబెట్టి కొలవండి. లేకపోతే కోచింగ్ ఫీజు కట్టడం ఈ నెలతో ఆపేయవచ్చు.