సింధూ, సీసా కొనేముందు అతుకు చూడు

చి. సింధుకు మావయ్య ఆశీస్సులు.

ఫ్లీ మార్కెట్‌లో కొన్న ఊదారంగు మందు సీసా ఫొటో చూశాను. పాత మందు సీసాలు పోగుచేయాలని నీకు బుద్ధి పుట్టినందుకు చాలా సంతోషం. కానీ రంగు చూసి డబ్బు పెట్టకమ్మా. గాజు రంగు లేకుండా తేటగా రావాలని పూర్వం మాంగనీస్ కలిపేవారు. అలాంటి సీసా ఏళ్ల తరబడి ఎండలో ఉంటే లేత ఊదాకు తిరుగుతుంది. కొందరు రేడియేషన్ పెట్టించి అదే రంగు తెప్పిస్తున్నారు. మరీ చిక్కటి ఊదా కనబడితే అనుమానించు.

వయసు చెప్పేది అతుకు. అచ్చు రెండు ముక్కలూ కలిసినచోట సీసా పక్కన సన్నటి గీత పడుతుంది. దాని వెంట గోటిని పైకి పోనివ్వు. గీత మూతి దాకా రాకుండా కిందే మాయమైతే ఆ మూతిని మనిషి పనిముట్టు పట్టుకుని తీర్చాడన్నమాట. అంచు మీదికి ఎక్కితే యంత్రం పని. మైకేల్ ఓవెన్స్ కనిపెట్టిన సీసాల యంత్రం 1903లో వచ్చాక చేతిపని క్రమంగా తగ్గిపోయింది. అడుగున విరిగిన గాజులా గరుకైన గుండ్రటి మచ్చ ఉంటే ఇంకా పాతది, చాలావరకు 1860లకు ముందుది. న్యూజెర్సీలోని మిల్‌విల్‌లో వీటన్ కంపెనీ పాత సీసాలకు నకళ్లు చేసి అమ్మింది. అందుకే అడుగున ఏం రాసుందో చదవకుండా బేరం మొదలెట్టకు.

ఇక అసలు సంగతి. నా అలమరలో నేను అందరికీ ముందుగా చూపించేది చాలా చవక సీసా, మిసెస్ విన్స్‌లోస్ సూదింగ్ సిరప్‌ది. అరచేతిలో ఇమిడేంత సన్నటి గొట్టంలా, నీలం కలిసిన లేత ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఒంటి మీద మందు పేరు, యజమానులు కర్టిస్, పెర్కిన్స్‌ల పేర్లు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. 1849లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అమ్మకం మొదలైంది. పళ్లొచ్చే పసిపిల్లలు ఏడవకుండా పట్టించే మందు ఇది. అందులో ఉన్నది మార్ఫిన్ అనే మత్తుమందు. బిడ్డ హాయిగా నిద్రపోయిందని తల్లి అనుకునేది, కొందరు పిల్లలు మళ్లీ లేవలేదు. లోపల ఏముందో లేబుల్ మీద చెప్పాలన్న చట్టం అప్పటికి లేదు. 1905లో కాలియర్స్ పత్రికలో శామ్యూల్ హాప్‌కిన్స్ ఆడమ్స్ అనే విలేఖరి ఇలాంటి మందుల బండారం బయటపెట్టాడు. మరుసటి ఏడాది వచ్చిన చట్టంతో మార్ఫిన్, నల్లమందు, కొకైన్, ఆల్కహాల్ లాంటివి ఎంత ఉన్నాయో లేబుల్ మీద వేయక తప్పలేదు.

అందుకే నా మాట విని, ఒకే మందుకి చట్టానికి ముందుది ఒకటి, తర్వాతది ఒకటి సంపాదించి పక్కపక్కన పెట్టు. బింగమ్‌టన్ ఊరి డాక్టర్ కిల్మర్స్ స్వాంప్ రూట్ అనే కిడ్నీ మందుతో మొదలుపెట్టు, అది తేలిగ్గా దొరుకుతుంది. పాతదాని మీద 'క్యూర్' అని ఉంటుంది, తర్వాతి దాని మీద 'రెమెడీ' అని. నయం చేస్తానన్న మాట చల్లగా జారుకుంది! లిన్ ఊళ్లో 1875 నుంచి అమ్మిన లిడియా పింకమ్ ఆడవాళ్ల మందుకీ అలాగే వెతుకు. ఆ మందులో ఇంచుమించు ఐదోవంతు ఆల్కహాలే. మద్యం ముట్టని ఇల్లాళ్లు కూడా చెంచాలతో తాగారు. గాజు ఒక్కటే ఉంటే ఈ కథ సగమే తెలుస్తుంది కాబట్టి లేబుల్, అట్టపెట్టె, ప్రకటన కార్డు దొరికితే పది రూపాయలు ఎక్కువైనా వదలకు.

లోపల మందు మిగిలి ఉంటే బిరడా తీయకు, వాసన చూడకు. పాత మరుగుదొడ్ల గుంతలు తవ్వితే సీసాలు బాగా దొరుకుతాయి. కానీ స్థలం వాళ్ల అనుమతి లేనిదే పార ముట్టుకోవద్దు, ప్రభుత్వ భూముల్లో అసలే వద్దు. గుంత గోడలు కూలి ప్రాణం మీదికొస్తుంది, ఒంటరిగా దిగకు.

మన మందులనీ చూడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం, హైదరాబాద్‌లో 1920 నుంచి వస్తున్న జిందా తిలిస్మాత్. మార్ఫిన్ సిరప్‌తో వీటిని ఒకే గాటన కట్టకు, కానీ పాత సీసాలు దాచుకోదగ్గవే. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ బీరువా అడుగు అర వెతుకు. లేబుల్ ఉన్నది దొరికితే మాత్రం తడిగుడ్డతో తుడవనివ్వకు.

మావయ్య