నవల పోటీల్లో ఎలాంటివి గెలుస్తాయి?

అమలాపురం నుంచి పందొమ్మిదేళ్ళ అమ్మాయి అడిగింది: పల్లెటూరి కథకి నవల పోటీలో బహుమతి వస్తుందా అని. వస్తుందమ్మా, మన దగ్గరే వచ్చింది. 1890ల్లో రాజమండ్రి నుంచి వెలువడిన చింతామణి పత్రిక నవలల పోటీలు పెట్టేది. 1894లో రామచంద్ర విజయం నవలకి బహుమతి అందుకున్న చిలకమర్తి లక్ష్మీనరసింహం ఖండవల్లి అనే పల్లెలో పుట్టినవాడు, అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) పోటీలో విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలతో బహుమతి పంచుకున్న 'నారాయణరావు' నవల రాసింది అడివి బాపిరాజు, ఆయనది భీమవరం, ఆ నవల నిండా కోనసీమ గాలే.

నువ్వు కూడా నీకు తెలిసిందే రాయి. "పచ్చని పొలాలు, గలగల గోదారి" అని మొదలుపెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు గానీ, వరదొస్తే గోదారి మధ్య లంకలో పశువుల్ని ఏ గట్టుకి తోలతారో, కాలవకి నీళ్ళు ఆపేశాక శివారు చేనుకి నీళ్ళెలా తెచ్చుకుంటారో, కౌలు దగ్గర అన్నదమ్ములు ఎందుకు మాట్లాడుకోవడం మానేస్తారో చూసి రాసేవాళ్ళు తక్కువ. యాస సంభాషణల్లో ఉంచు. నిడివి, గడువు నిబంధనలు ముందే చదువు, లేకపోతే చివర్లో టెన్షన్. ముందు మొదటి అధ్యాయం ఎవరికైనా పైకి చదివి వినిపించు, వాళ్ళు ఎక్కడ ఫోన్ చూసుకుంటారో అక్కడ కొట్టెయ్.