రెండు ఉపగ్రహ చిత్రాలతో తీరపు కోతను తేల్చవచ్చా?

ప్రశ్న: గూగుల్ ఎర్త్‌లో ఎలియట్స్ బీచ్ పాత చిత్రాన్ని ఇటీవలి చిత్రంతో పోల్చి చూస్తే ఇసుక ఇరవై మీటర్ల దాకా తగ్గినట్టు కనిపించింది. మా తీరం కోతకు గురవుతున్నట్టేనా?
– ఒక పాఠకురాలు, బెసంట్ నగర్, చెన్నై

జవాబు: మీ ఆందోళన సహజమే కానీ, ఆ మాట చెప్పడానికి రెండు చిత్రాలు చాలవు. ముందుగా తీరంలోని ష్మిట్ స్మారకం రెండు చిత్రాల్లోనూ ఒకే స్థానంలో ఉందో లేదో చూడండి. వేర్వేరు తేదీల చిత్రాలు కొన్ని మీటర్లు పక్కకు జరిగి అమరడం మామూలే. పైగా చిత్రంలో కనిపించేది ఆ క్షణంలోని నీటి అంచు మాత్రమే. ఒడ్డు ఇరవై మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలి ఉంటే, పోటు వేళ నీటిమట్టం అర మీటరు పెరిగినా ఆ అంచు 10 మీటర్లు లోపలికి వస్తుంది. ఈశాన్య రుతుపవనాల అలలు కోసుకుపోయిన ఇసుకలో చాలా భాగం వేసవికి తిరిగి చేరుతుంది కనుక, డిసెంబరు చిత్రాన్ని మే నెల చిత్రంతో పోల్చకూడదు.

అందుకే పరిశోధకులు ఏళ్ల తరబడి ఒకే రుతువులో తీసిన చిత్రాలను ఎంచుకుని, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని నీరు పీల్చుకుంటుందన్న గుణం ఆధారంగా ఇసుకనూ నీటినీ వేరు చేసి, పోటు ప్రభావాన్ని సవరించి, తీరానికి అడ్డంగా గీసిన ఊహారేఖల మీద ఏటేటా మార్పును లెక్కిస్తారు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) వెడల్పు 30 మీటర్లు, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో 10 మీటర్లు. చిన్న మార్పులను నిర్ధారించడానికి జీపీఎస్‌తో ఒడ్డు మీద నడిచి కొలవడం నేటికీ తప్పనిసరి. పళ్లికరణైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990–2016 మధ్య కాలానికి దేశ తీరాన్ని ఇలా పరిశీలించి, దాదాపు మూడో వంతు కోతకు లోనవుతోందని తేల్చింది.

చెన్నైలో ఏళ్ల చిత్రాలు చూపేది స్పష్టమే. ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరానికి సాగే ఇసుకను ఓడరేవు గోడలు అడ్డగించడంతో మెరీనా వెడల్పెక్కింది, రాయపురం నుంచి ఎన్నూరు వైపు తీరం కరిగి రాళ్లగోడలు కట్టవలసి వచ్చింది. ఈ నష్టాన్ని మత్స్యకార కుటుంబాలే మోశాయి.

మీరు ఇకపై స్మారకం నుంచి పోటు తడి గీత దాకా ఏటా ఒకే నెలలో కొలిచి, తేదీతో పాటు పోటు సమయాన్నీ రాసి ఉంచండి. అడయారు నది ముఖద్వారం దగ్గర ఇసుక మేటలు తరచూ మారతాయి కాబట్టి అక్కడి కొలతలను వీటితో కలపవద్దు.