777 పర్మిషన్ ఇచ్చాక ఎస్‌ఎస్‌హెచ్ కీని సర్వర్ ఒప్పుకోకపోతే

కడప నుంచి మీరు రాసిన వివరాల ప్రకారం, మొన్నటిదాకా ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా సాఫీగా లాగిన్ అయిన ఉబుంటు 22.04 సర్వర్ ఇప్పుడు ‘పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ’ అంటోంది. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్ సేవ) కన్సోల్‌లో కొత్త కీ పెయిర్ (లాగిన్‌కు వాడే ప్రైవేట్, పబ్లిక్ కీల జత) తయారుచేసినా ఫలితం లేదు. మధ్యలో ఒక మాట మీరు తేలిగ్గా చెప్పి దాటేశారు: యాప్‌లో ఫోటోలు కనిపించడం లేదని హోమ్ ఫోల్డర్ మొత్తానికి 777, అంటే ఎవరైనా చదివి రాయగలిగే పర్మిషన్, ఇచ్చానని. నా ఉద్దేశంలో చిక్కంతా అక్కడే ఉంది.

అనంతపురంలో ఒక వేరుశనగ వ్యాపారి బిల్లింగ్ యాప్‌ను మా బృందం చూసుకునేటప్పుడు అచ్చం ఇదే ఎదురైంది. కీ ఫైలే చెడిపోయిందని అందరూ తేల్చేసిన సమయంలో, ఒక విండోలో పాత సెషన్ ఇంకా తెరిచే ఉండటంతో సర్వర్‌లోని ఆథ్ లాగ్ (లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఫైలు) చూడగలిగాము. ‘అథెంటికేషన్ రెఫ్యూజ్డ్, బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని, పక్కనే హోమ్ ఫోల్డర్ పేరుతో సహా అందులో స్పష్టంగా ఉంది. అసలు కారణాన్ని బయటివారికి చెప్పకూడదన్నది ఎస్‌ఎస్‌హెచ్ పద్ధతి కాబట్టి, మన తెరమీద మాత్రం ‘పర్మిషన్ డినైడ్’ అనే మొండి సమాధానమే కనిపిస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్స్ అనే సెట్టింగ్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. ఆథరైజ్డ్ కీస్ ఫైలు (అనుమతించిన కీల జాబితా), అది ఉండే డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్, హోమ్ ఫోల్డర్, ఈ మూడింటిలో దేనిలోనైనా యజమాని కాక ఇతరులు రాయగలిగే వీలుంటే, అందులో ఎవరైనా తమ కీ చేర్చి ఉండవచ్చన్న అనుమానంతో సర్వర్ ఆ ఫైలును అసలు లెక్కలోకే తీసుకోదు. కన్సోల్‌లో చేసిన కొత్త కీ పెయిర్ కూడా నడుస్తున్న సర్వర్‌లోకి తనంతట తాను వెళ్లదు. ఎంచుకున్న కీ మెషీన్ మొదటిసారి బూట్ అయినప్పుడు మాత్రమే లోపలికి చేరుతుంది. అందువల్ల ఇక కొత్త కీలు చేయడం ఆపండి.

లోపలికి వెళ్లడానికి సెషన్ మేనేజర్ (ఎస్‌ఎస్‌హెచ్ కీ లేకుండా లోపలికి వెళ్లనిచ్చే ఏడబ్ల్యూఎస్ సాధనం) ముందే అమర్చి ఉంటే పని సులువు. లేకపోతే మెషీన్‌ను ఆపి, దాని రూట్ వాల్యూమ్‌ను (సిస్టమ్ ఉన్న డిస్కును) విడదీసి, అదే అవైలబిలిటీ జోన్‌లోని (ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్ విభాగంలోని) మరో మెషీన్‌కు తగిలించి, మౌంట్ చేసి సరిదిద్దాలి. హోమ్ ఫోల్డర్‌కు 750, డాట్ ఎస్‌ఎస్‌హెచ్‌కు 700, ఆథరైజ్డ్ కీస్‌కు 600 ఇవ్వండి; వీటిలో దేనిలోనూ యజమాని తప్ప ఇతరులు రాయలేరు. గిట్ (కోడ్ భద్రపరిచే సాధనం) నుంచి కోడ్ లాగడానికి సర్వర్‌లోనే ప్రైవేట్ కీ పెట్టుకొని ఉంటే దానికీ 600 ఇవ్వడం మరిచిపోవద్దు. లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడనంటుంది, లాగిన్ సరిపోయినా డిప్లాయ్ (కొత్త కోడ్‌ను సర్వర్‌లో పెట్టడం) ఆగిపోతుంది. తరువాత వాల్యూమ్‌ను పాత డివైస్ పేరుతోనే తిరిగి తగిలించాలి. ఎలాస్టిక్ ఐపీ (మారకుండా ఉండే పబ్లిక్ చిరునామా) లేకపోతే మెషీన్‌ను ఆపి మొదలుపెట్టినప్పుడు పబ్లిక్ ఐపీ మారుతుంది కనుక, డొమైన్ రికార్డునూ డిప్లాయ్ స్క్రిప్టులోని చిరునామానూ మార్చుకోవలసి ఉంటుంది.

ఫోటోలు కనిపించకపోవడానికి కారణం కూడా బహుశా పర్మిషన్లే. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లు 750తో తయారవుతున్నాయి. ఫోటోలను చూపించే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ వేరే యూజర్ పేరుతో నడుస్తుంది కాబట్టి ఆ గడప దాటి లోపలికి రాలేదు. 777 ఇస్తే ఫోటోలు వస్తాయి, నిజమే, కానీ ఇల్లంతా తెరిచిపెట్టినట్టవుతుంది. ఫోటోల ఫోల్డర్‌ను వార్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కిందికి మార్చి, ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో ఆ దారి ఇవ్వడమే నాకు సరైన పద్ధతిగా కనిపిస్తుంది.

ఒకవేళ ‘కనెక్షన్ టైమ్‌డ్ అవుట్’ అని వస్తే మాత్రం కీతో సంబంధమే లేదు. ముందు సెక్యూరిటీ గ్రూప్‌లో (ఏడబ్ల్యూఎస్ ఫైర్‌వాల్‌లో) ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టును చూడండి. మన ఊళ్లలో కరెంటు పోయి వచ్చాక ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారిపోవడం మామూలే కాబట్టి, పాత ఐపీకి మాత్రమే అనుమతి ఉంటే తలుపు మూసుకుపోతుంది.

ఇకపై పర్మిషన్లు మార్చేటప్పుడు ఉన్న సెషన్‌ను మూయకుండా, మరో విండోలో కొత్తగా లాగిన్ అయి చూసుకోండి.